నిర్మల్ మర్రి, జోడేఘాట్ జంగల్: మన తారీఖ్‌లో రెండు వరఖ్‌లు



వానాకాలం వచ్చిందంటే కరీంనగర్, జగిత్యాల వైపు మన ఖాందాన్‌లన్నీ బిర్యానీ డేగ్చీలు బండిలో పెట్టుకుని కుంటాల జలపాతానికి బయల్దేరతాయి. రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా పోతే కవ్వాల్ జంగల్ మొదలవుతుంది. 1965లో అభయారణ్యంగా, 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవి ఇది. పిల్లలు కిటికీలోంచి షేర్ కోసం వెతుకుతారు. ఆ టేకు చెట్ల మధ్య మన తారీఖ్ (చరిత్ర) కూడా ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఒక వరఖ్ నిర్మల్‌లో ఉంది. కొయ్య బొమ్మలకు మషూరైన ఈ ఊరి చుట్టూ శామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ లాంటి కిలాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. 1857 జులై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ అంగ్రేజుల రెసిడెన్సీ మీద హమ్లా చేశారు. అది విఫలమైంది గానీ ఆ ఆగ్ చల్లారలేదు. గోదావరి ఒడ్డు జంగల్‌లో రాంజీ గోండు జెండా ఎత్తాడు. ఆయన వెంట గోండులతో పాటు రోహిల్లాలు కూడా నడిచారు. రోహిల్లాలంటే సిపాయి నౌకరీ వెతుక్కుంటూ దక్కన్‌కు వచ్చిన పఠాన్లు. గోండుది వేరే జబాన్, వేరే మజ్‌హబ్. పఠాన్‌ది వేరే. అయినా దుష్మన్ ఒక్కడే అని ఇద్దరికీ తెలుసు. 1860లో అంగ్రేజులు రాంజీని పట్టుకుని, సాథీలతో సహా నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఫాంసీ వేశారు. వెయ్యి మందిని వేలాడదీశారని జనం చెప్పుకుంటారు. అందుకే దాని పేరు 'వెయ్యి ఉరుల మర్రి'. ఆ చెట్టు ఇప్పుడు లేదు, పేరు మిగిలింది.

ఈ కిస్సా చెప్పుకునేటప్పుడు మన ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. కానీ అప్పటి నిజాం హుకూమత్ అంగ్రేజుల పక్షాన ఉందన్న సంగతి దాచిపెట్టొద్దు. రోహిల్లాను ఉరి తీసినవాళ్ల దోస్తీ మన పాద్‌షాతోనే ఉండేది.

రెండో వరఖ్ ఆసిఫాబాద్ వైపు ఉంది. ఒకప్పటి జనగామకు ఆసఫ్‌జాహీల పేరు మీద ఆసిఫాబాద్ అని పేరొచ్చింది. ఆ కొండల్లో గోండులు పోడు కొట్టుకుంటే అది సర్కారీ జంగల్ అన్నారు. పశువులు మేస్తే బంబ్రం, కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి అని పన్నులు వేశారు. పంట దగ్గర జరిగిన ఝగడాలో కుమ్రం భీం చేతిలో సిద్దిక్ అనే ఆసామి చనిపోయాడు. సిద్దిక్ మన పేరే. జుల్మ్ చేసినవాడి పేరు మనదైనంత మాత్రాన జుల్మ్ ఇన్సాఫ్ అయిపోదు. ఊరు వదిలిపోయిన భీం మళ్లీ తిరిగొచ్చి, పన్నెండు గోండు గూడేలను కూడగట్టాడు. జల్, జంగల్, జమీన్ మాదే అన్నాడు. ఆ మాటలు మనం ఇంట్లో రోజూ మాట్లాడే జబాన్‌లోవే. 1940లో నిజాం పోలీసుల గోలీలకు జోడేఘాట్‌లో ఆయన ప్రాణాలు విడిచాడు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది, జిల్లాకు ఆయన పేరుంది.

ఆ తర్వాత హుకూమత్‌కు కళ్లు తెరుచుకున్నాయి. గోండుల హాల్ తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పిలిపించింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో గోండీ టీచర్ల ట్రైనింగ్ మొదలుపెట్టించాడు. జమీన్ పట్టాల కోసం కోషిష్ చేశాడు. ఆయన, ఆయన బేగం బెట్టీల సమాధులు ఆ పల్లెలోనే ఉన్నాయి.

నిర్మల్‌లో మనవాళ్లు గోండుల పక్కన నిలబడి ఉరికంబం ఎక్కారు. జోడేఘాట్‌లో మనవాళ్లనుకునే సర్కారే గోండుల మీద గోలీ పేల్చింది. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే అది తారీఖ్ కాదు, తారీఫ్ అవుతుంది. రెండోదే చెప్పి మొదటిది చెరిపేసేవాళ్లు బయట చాలామందే ఉన్నారు. వాళ్లకు జవాబివ్వాలంటే ముందు మనకు రెండూ యాద్ ఉండాలి.

ఈసారి కుంటాలకు పోయేటప్పుడు నిర్మల్‌లో కాసేపు బండి ఆపండి. పిల్లలకు ఈ రెండు కిస్సాలూ చెప్పండి. పేరు తెలియని ఆ షహీద్‌ల కోసం దువా చేయండి.

ఖుదా హాఫిజ్.