పిడుదుల మందుపట్టీ: దాని పూర్వకథ

విశాఖపట్టణంలోని ఉక్కునగరపు క్వార్టర్లలో కుక్కను పెంచేవారికి పిడుదు అనగా ఏమో చెప్పనక్కరలేదు. కొన్ని ఊళ్లలో దీనినే గోమారి అంటారు. సముద్రపు తేమ, ఏడాది పొడవునా ఉండే వెచ్చదనం దానికి బాగా అనుకూలం. రక్తం త్రాగి ఉబ్బిన ఆడపిడుదు కుక్కను వదలి, గోడపగుళ్లలోనో తలుపు సందులలోనో దూరి వేలకొలది గుడ్లు పెడుతుంది.

ఇది దురదతో పోయే బాధ కాదు. విశాఖ మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో, 1910లో, పాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు వేటకుక్కల రక్తంలో ఒక కొత్త పరాన్నజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. తరువాత నక్కల రక్తంలోను అదే కనిపించింది. నేడు దానిని బబీషియా గిబ్సోని అంటున్నారు. అది పిడుదుకాటు ద్వారా వ్యాపించి ఎర్రకణాలను నాశనం చేస్తుంది. జ్వరం తగిలి, రక్తం క్షీణించి, కుక్క ఒక్కొక్కప్పుడు చనిపోతుంది కూడ.

మరి పిడుదును దేనితో చంపాలి? రెండవ ప్రపంచయుద్ధం తరువాత డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు వచ్చాయి. కుక్క సంగతి ఎట్లున్నా, పిల్లి ఒళ్లు నాకుకొని ఆ విషాన్ని తానే మ్రింగేది. 1960వ దశకంలో డైక్లోర్‌వాస్ అను మందును ప్లాస్టిక్కులో కలిపి మెడకు కట్టే పట్టీలు అమెరికాలో బయలుదేరాయి. ప్లాస్టిక్కు నుండి మందు కొద్దికొద్దిగా ఆవిరియై వెలువడుతుంది. తెలివైన ఊహే! కాని ఈ మందు నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అను ఎన్‌జైమును అడ్డగిస్తుంది. ఆ ఎన్‌జైము పిడుదుకూ ఉన్నది, కుక్కకూ ఉన్నది, దానిని కౌగిలించుకొనే పసిబిడ్డకూ ఉన్నది. చిక్కంతా ఇక్కడే. మన బజార్లలో నువాన్ పేరుతో అమ్ముడుపోయిన ఈ మందును భారత ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుండి నిషేధించింది. ప్రొపాక్సర్ పట్టీల మందు పిల్లల చేతులకంటి నోటిలోనికి పోవచ్చునని 2014లో అమెరికా ప్రభుత్వం ఉత్పత్తిదారులతో మాట్లాడి వాటిని విరమింపజేసింది.

తరువాత వచ్చిన సెరెస్టో పట్టీలో ఫ్లూమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ ఉంటాయి. ఇవి చర్మపు జిడ్డులో కలిసి ఒంటినిండా ప్రాకుతాయి. 2021లో దీనిపై 75,000 ఫిర్యాదులున్నట్లు, వాటిలో సుమారు 1,700 మరణాలున్నట్లు పత్రికలు వ్రాయగా అమెరికాలో గగ్గోలు పుట్టింది. ఫిర్యాదు వేరు, రుజువు వేరు. 2023లో ముగిసిన విచారణలో చాలా మరణాలకు పట్టీయే కారణమని తేలలేదు. తేలిన కొద్దిపాటిలో మందుకంటె, పట్టీ బిగుసుకొని ఊడిరాకపోవడమే ప్రధానంగా కనిపించింది. అమ్మకానికి అయిదేండ్ల గడువు విధించి, హెచ్చరికలు పెంచారు.

కనుక పట్టీకి, మెడకు మధ్య రెండు వ్రేళ్లు దూరేంత సందుండాలి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కమందును పిల్లికి వాడరాదు. దానిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. ఇక గోడపగుళ్లలో దాగిన పిడుదుల సంగతి పట్టీకి పట్టదు. వాటికి సిమెంటు పూత, చీపురు, వేడినీళ్లు కావలసిందే.