చెరలో ఇల్లాలు: జంగం కథ నుంచి సురభి డేరాకు వచ్చిన బాలనాగమ్మ

తెలుగు రంగస్థలానికి చెర కథలు కొత్త కావు. అశోకవనంలో సీత, శోణపురంలో నాగపాశాలకు చిక్కిన అనిరుద్ధుడు, గోలకొండ చెరసాలలో రామదాసు ప్రేక్షకులకు తరతరాలుగా తెలిసినవారే. 1897లో వేదం వేంకటరాయశాస్త్రి రాసిన ‘ప్రతాపరుద్రీయం’ నాటకమంతా ఢిల్లీకి బందీగా పోయిన కాకతీయ ప్రభువును విడిపించుకొని రావడం చుట్టూనే నడుస్తుంది. అయితే ఇవన్నీ పురాణం నుంచో చరిత్ర నుంచో దిగివచ్చిన కథలు. ఏ పురాణం అండా లేకుండా, కేవలం జనం నోటి మీద బతికి, ఇల్లాలిని చెరలో, పెనిమిటిని రాతిలో బంధించి, ఆ ఎడబాటునే కథంతటికీ ఆయువుపట్టుగా చేసుకున్నది బాలనాగమ్మ కథ.

కథనాలు ప్రాంతాన్ని బట్టి మారుతున్నా కథ ఎముకలగూడు ఒక్కటే. నవభోజరాజుకు పుట్టిన ఏడుగురు కూతుళ్లలో చివరిదైన బాలనాగమ్మ కార్యవర్థిరాజును పెళ్లాడుతుంది. భర్త యుద్ధానికి పోయిన సమయంలో మాయల మరాఠీ అనే మాంత్రికుడు, కొన్ని కథనాలలో మాయల ఫకీరు, జంగమ వేషంలో భిక్షకు వచ్చి, ఆమెను కుక్కగా మార్చి నాగుళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త అక్కడే రాయి అవుతాడు. చెరలో ఉన్న బాలనాగమ్మ తాను వ్రతంలో ఉన్నానని, అది ముగిసేదాకా తనను తాకరాదని చెప్పి మాంత్రికుణ్ని ఏళ్ల తరబడి నిలవరిస్తుంది. ఊయలలో వదిలివచ్చిన కొడుకు బాలవర్థిరాజు పెరిగి పెద్దవాడై, పూలు కట్టే తంబళి పెద్ది ఇంట మనవడిగా చేరి, పూలమాల ద్వారా తల్లికి తన రాకను తెలిపి, మాంత్రికుడి ప్రాణం దాగిన చిలకను సాధించి, రాళ్లైనవారందరినీ తిరిగి మనుషులను చేస్తాడు. ఈ కథను బలవంతుడైన కొడుకు సాహసగాథగా చూడడం వాడుక. నిజానికి కొడుకు రావడానికి ముందు గడిచిన ఆ ఏళ్లన్నిటినీ గెలిచినది బాలనాగమ్మే, అదీ కత్తితో కాదు, గడువుతో. మాంత్రికుడి మాయలన్నీ ఆమె పెట్టిన ఒక్క గడువు ముందు ఆగిపోయాయి.

ఈ కథను ఊరూరా మోసినవారు జంగం కథకులు. శైవ సంప్రదాయానికి చెందిన గాయకులు పాటా మాటా కలిపి వినిపించే దీర్ఘగాథను జంగం కథ అంటారు. ప్రధాన కథకుడు తంబురా మీటుతూ, వేళ్లకు తొడిగిన అందెలను, అంటే లోపల గుళ్లున్న బోలు లోహపు కడియాలను తాళానికి తగినట్టు మోగిస్తూ కథ నడిపితే, పక్కనున్నవారు వంత పాడతారు, అనగా చరణం చివర ‘తందాన’ అందుకొని కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. తరువాతి కాలంలో బుర్రకథగా స్థిరపడిన కళకు ఇదే మూలం. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక అరుగు, ఒక దీపం చాలు. కథకుడే మాంత్రికుడు, కథకుడే బాలనాగమ్మ. ఇంత చిన్న సాధనసంపత్తితో రాత్రుల తరబడి సాగే ఎడబాటును వినిపించగలగడానికి కారణం, ఈ కథలోని శోకమంతా పాటలోనే నడవడం.

ఈ కథ వ్యాప్తి తెలుగు నేలకే పరిమితం కాదనడానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రెయర్ తమ ఇంటి ఆయా అన్నా లిబరాతా డిసౌజా నోట విన్న కథలను 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ పేరుతో అచ్చు వేయించినప్పుడు, అందులోని ‘పంచ్‌కిన్’ అనే కథలో రాజు ఏడుగురు కూతుళ్లలో చిన్నది ‘బాల్నా’. ఆమెనూ మాంత్రికుడు కుక్కగా మార్చి తీసుకుపోతాడు, భర్తా బావలూ రాళ్లవుతారు, కొడుకు తోటమాలి భార్య ఇంట చేరి పూల ద్వారా తల్లిని కలుసుకుంటాడు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది. ప్రాణాన్ని దేహానికి వెలుపల దాచుకునే ఈ కల్పనను జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో చర్చించినప్పుడు పంచ్‌కిన్‌ను కూడా ఉదాహరించాడు. పండితలోకం ఒక అంశంగా పరిశీలించిన దానిని తెలుగు పల్లె ఏనాడో తన మాటల్లో కలుపుకుంది: ఫకీరు ప్రాణం చిలకలో ఉందని అనని ఊరు తెలుగుదేశంలో లేదు.

గానకథగా ఉన్న బాలనాగమ్మను పాత్రలుగా విడదీసి తెర ముందు నిలిపిన ఘనతలో పెద్ద వాటా సురభి వారిది. మరాఠీ సీమ నుంచి వలసవచ్చి తోలుబొమ్మలాటతో జీవించిన ఆరె కుటుంబాలలో ఒకటైన వనారస వారి కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పెళ్లి సందర్భంగా ‘కీచకవధ’ను మనుషులతో ప్రదర్శించింది; దానికి నాయకుడు వనారస గోవిందరావు. ఊరి పేరే సమాజం పేరైంది, కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు పెరిగాయి. ఇతర సమాజాలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తున్న కాలంలో సురభి స్త్రీలు స్వయంగా వేదిక ఎక్కారు. బాలనాగమ్మ వంటి కథకు ఇది చిన్న విషయం కాదు. అన్న, వదిన, కూతురు, మనవడు అందరూ నటులే అయిన డేరాలో, తల్లీబిడ్డల పునస్సమాగమాన్ని ఒకే ఇంటివారు ఆడతారు. పసిబిడ్డ పాత్రకు బయటినుంచి ఎవరినీ వెతకనవసరం లేదు. మాయల మరాఠీ వేషాన్ని మరాఠీ మూలాలున్న కుటుంబాలే కట్టి, తెలుగు ప్రేక్షకుల చేత తిట్లు తినడం, ఆ తిట్లనే నటనకు దక్కిన మెప్పుగా స్వీకరించడం ఆ కళాకారుల వృత్తినిష్ఠకు గుర్తు.

సురభి నాటకం పద్యనాటక సంప్రదాయానికి చెందినది, అనగా వచన సంభాషణ మధ్య రాగయుక్తమైన పద్యాలు, పాటలు వచ్చే సంగీత నాటకం. హార్మోనియం, తబలా వేదిక దగ్గరే కూర్చుంటాయి. నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు సాగదీస్తే హార్మోనియం అంతసేపూ వెంట పోవాలి, ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అంటే పద్యం మళ్లీ మొదలు కావాలి. దీనికి తోడు సురభికి పేరు తెచ్చినవి ‘ట్రిక్కులు’: ఒకదాని వెనుక ఒకటి వేలాడే రంగుల తెరలు క్షణాల్లో మారి అంతఃపురం అడవి అవుతుంది, సన్నని తీగల మీద మనుషులు గాలిలో తేలిపోతారు, నిప్పూ పొగా లేచిన చోట ఉన్న పాత్ర మాయమై మరొకటి నిలుస్తుంది. తెర వెనుక తీగను లాగే చేయి, కాసేపటి క్రితం రాజు వేషంలో పద్యం పాడినవాడిదే కావచ్చు. తోలుబొమ్మను వెనుక నుంచి ఆడించిన అనుభవం ఈ నైపుణ్యానికి పునాది అనుకోవడం సమంజసమే.

సినిమా ఈ కథను వదలలేదు. 1942లో జెమినీ సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో తీసిన ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి మాంత్రికుడి ప్రియురాలు సంగు; 1959లో ఎన్.టి. రామారావు, అంజలీదేవి జంటగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మరో చిత్రం వచ్చింది. 1942 చిత్రంలో మాంత్రికుడి పాత్ర ఎంత బలంగా నిలిచిందంటే, చెరలో ఉన్న ఇల్లాలి ఓర్పు కన్నా చెరపట్టినవాడి ఆర్భాటమే జనానికి ఎక్కువగా గుర్తుండిపోయింది. పాట ద్వారా బందీ మనసులోకి ప్రవేశించే అవకాశం వేదికకు ఎక్కువ, మాయను కళ్లకు కట్టే శక్తి తెరకు ఎక్కువ. బాలనాగమ్మ విషయంలో మొదటిదే కథకు న్యాయం చేసింది.

తెలుగు సినిమా పుట్టుక కూడా ఈ డేరాకు రుణపడి ఉంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినది సురభి కమలాబాయి. మద్రాసు నుంచి పరిశ్రమ హైదరాబాదుకు తరలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలలో స్థిరపడితే, సురభి కుటుంబాలు నగరానికి పడమర అంచున లింగంపల్లిలో కాలనీ కట్టుకొని, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో నాటకాలాడాయి. లింగంపల్లి నుంచి నాంపల్లికి పోయే పెద్ద రోడ్డు మియాపూర్, కూకట్‌పల్లి దాటి ఎర్రగడ్డ మీదుగానే పోతుంది. అక్కడికి పక్కనే జూబ్లీహిల్స్. ఇంత దగ్గరగా ఉన్నా ఈ రెండు లోకాల మధ్య రాకపోకలు చాలా తక్కువ. 1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి సురభి నటులతో కొత్త నాటకాలు ఆడించాడు, 2013లో సురభి నాగేశ్వరరావుకు పద్మశ్రీ దక్కింది. కానీ గుర్తింపు వేరు, భద్రపరచడం వేరు. బాలనాగమ్మ నాటకాన్ని పద్యాలు, రాగాలు, తెరల వరుస, తీగల అమరికతో సహా పూర్తిగా చిత్రీకరించి నిలబెట్టగల కెమెరాలు, స్టూడియోలు, నిపుణులు ఎర్రగడ్డ పక్కనే ఉన్నారు. ఆ పాత్రలు కట్టిన పెద్దతరం నటులు పాడగలిగినంత కాలంలోనే పరిశ్రమ ఆ పనికి పూనుకోవాలి.