ఆ పంపులు బిగించినదెవరు?

కారుని నేలకు ఎంత దగ్గరగా దించవచ్చు అన్న ఒక్క ప్రశ్న మీద దక్షిణ కాలిఫోర్నియాలో ఒక తరం కుర్రాళ్ళు తమ సాయంత్రాలన్నీ ఖర్చుపెట్టారు. 1949 నుంచి 1954 దాకా డెట్రాయిట్ నుంచి వచ్చిన మోడళ్ళు, ముఖ్యంగా మెర్క్యురీ, షెవ్రొలే, వాళ్ళ చేతుల్లో పడి రూపం మార్చుకున్నాయి. ఆ కార్ల మీద పుస్తకాలకు కొదవలేదు. వాటిలో చాలావరకు ఒకటే కథ: ఒక మగవాడు, ఒక షెడ్డు, ఒక గ్యాస్ కట్టర్. ఆడది కనిపిస్తే బానెట్‌కి ఆనుకుని కెమెరావైపు చూస్తూ కనిపిస్తుంది.

మన పత్రికకు కార్లతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. వీధిలో ఎవరు తీరుబడిగా తిరగవచ్చు, ఎవరి చేతిపని కళ అవుతుంది, ఎవరిది ఉత్త కూలి అవుతుంది - ఇవి మనం ఎప్పట్నుంచో అడుగుతున్న ప్రశ్నలే. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు శాన్ హోసేలో ఉన్నాను. ఆదివారం సాయంత్రాలు ఆ కార్లు మా వీధి చివర నడకకన్నా నెమ్మదిగా పోతుంటే చూసేదాన్ని. వాటి చరిత్ర చదవడం అక్కడ మొదలైంది.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. ఆ కాలపు షెవ్రొలేకి ముందు చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగులు, వెనక కమాను పట్టీలు ఉంటాయి. ముందు స్ప్రింగుల్లో ఒక చుట్టో ఒకటిన్నర చుట్టో కోసేస్తే కారు ముక్కు దిగుతుంది. వెనక కమాను పట్టీలకీ ఇరుసుకీ మధ్య ఇనప దిమ్మలు పెడితే వెనక భాగం దిగుతుంది. అదీ చాలదనుకుంటే ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకుంటుంది కనక, ఛాసిస్‌లోనే అర్ధచంద్రంలా కోత పెట్టి, అక్కడ బలానికి మరో పట్టీ వెల్డింగు చెయ్యాలి. ఇంత డబ్బులేని కుర్రాళ్ళు శనివారం సాయంత్రం డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునేవాళ్ళు. సోమవారం పనికి పోయేముందు దించేసేవాళ్ళు. నాకు ఆ బస్తాల పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, షోకు వారానికి ఒకటిన్నర రోజే అని ఒప్పుకున్నట్టుగా.

ఆ తర్వాత ఒళ్ళు. టాపుని మోసే స్తంభాల్లోంచి కొన్ని అంగుళాలు కోసి, టాపుని కిందికి దించి మళ్ళీ అతికేవాళ్ళు. బానెట్ మీది కంపెనీ బొమ్మ, తలుపుల పిడులు, డిక్కీ పిడి పీకేసి ఆ చిల్లుల్ని కరిగించిన సీసంతో పూడ్చి నున్నగా ఆకురాయి పట్టేవాళ్ళు. మన టింకరింగ్ షెడ్లలో సొట్ట తీసి, కారుని కంపెనీ ఇచ్చిన రూపానికి తిరిగి తీసుకురావడం నేర్పు. అక్కడ ఆ రూపాన్ని చెరిపెయ్యడమే నేర్పు.

ఈ పనిలో అందరూ చెప్పే పేరు బారిస్ సోదరులది. 1951 మెర్క్యురీని కొన్న బాబ్ హిరోహాటా అనే జపనీస్ అమెరికన్ యువకుడు 1952లో దాన్ని వాళ్ళ షెడ్డుకి ఇచ్చాడు. ముందువైపు నాలుగు అంగుళాలు, వెనకవైపు ఏడు అంగుళాలు టాపు కిందికి దిగింది. రెండు తలుపుల వెనకుండే స్తంభాలు మాయమయ్యాయి. పక్కల మీద 1952 బ్యూక్ పట్టీలు, పైన లేత ఆకుపచ్చ, కింద ముదురు ఆకుపచ్చ. 1959లో ఒక హైస్కూలు కుర్రాడు 500 డాలర్లకు కొన్న ఆ కారు 2022 జనవరి వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది.

ఆ అన్నదమ్ముల్లో రేకు కోసి అతికే పనిలో అసలు దిట్ట సామ్. పేరు మిగిలింది జార్జ్‌కి. 1963లో టామ్ వుల్ఫ్ ఎస్క్వైర్ పత్రికలో రాసిన వ్యాసం జార్జ్‌ని శిల్పుల పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరన్నదమ్ముల మధ్యే చేతులకీ పేరుకీ ఇంత ఎడం ఉంటే, ఆ షెడ్డు గుమ్మం కూడా తొక్కని వాళ్ళ సంగతేమిటి?

తెల్లవాళ్ళ పత్రికలు మెచ్చుకున్న కార్లు ఇవి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళు దించిన షెవ్రొలేలకు అప్పట్లో ఆ గౌరవం దక్కలేదు. వాళ్ళు వేగం కోసం దించలేదు. స్పానిష్‌లో వాళ్ళ మాట ‘బహీతో ఇ స్వావెసీతో’, అంటే కిందుగా, మెత్తగా అని. విట్టియర్ బౌలవార్డ్ మీద నెమ్మదిగా, అందరూ చూసేట్టుగా పోవడమే వాళ్ళకు కావలసింది. చూపులు ఎప్పుడూ తమని దాటిపోయే ఊళ్ళో, పోలీసుల చూపు మాత్రమే తమ మీద ఆగే ఊళ్ళో, ఇది చిన్న కోరిక కాదు.

దీనికి ముందు బట్టల కథ ఉంది. 1943 జూన్‌లో అదే నగరంలో నావికులు వీధుల్లో పడి, వదులు ప్యాంట్లు, పొడుగు కోట్లు వేసుకున్న మెక్సికన్ యువకుల్ని కొట్టి బట్టలు ఊడదీశారు. జూట్ సూట్ అల్లర్లు అంటారు వాటిని. ఆ కోట్లు ఆడపిల్లలూ వేసుకున్నారు. జుట్టు ఎత్తుగా దువ్వి, పొట్టి స్కర్టు వేసి వీధి మూలల్లో నిలబడ్డ ఆ అమ్మాయిల్ని పచూకాలు అన్నారు. 1942 నాటి స్లీపీ లగూన్ హత్యకేసులో శిక్షపడ్డ అబ్బాయిల కోసం డిఫెన్స్ కమిటీ ఏర్పడింది, 1944 అక్టోబర్‌లో అప్పీలు కోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. అదే కేసులో పట్టుకుపోయి వెంచురాలోని బాలికల సంస్కరణ పాఠశాలలో పెట్టిన అమ్మాయిలకు అలాంటి కమిటీ లేదు, అప్పీలూ లేదు. కాథరిన్ రామిరెజ్ 2009లో ప్రచురించిన ‘ది ఉమన్ ఇన్ ద జూట్ సూట్’ చదివితే తెలుస్తుంది, చికానో ఉద్యమం తర్వాత తన వీరుల జాబితా రాసుకున్నప్పుడు కూడా ఈ అమ్మాయిలకు చోటివ్వలేదని. కోటు నుంచి కారు దాకా వచ్చిన ఆ షోకుని మగపిల్లల వారసత్వంగా చెప్పడం అప్పుడే మొదలైందని నాకనిపిస్తుంది.

కార్ల మీదికి చట్టం 1958లో వచ్చింది. కాలిఫోర్నియా వాహన చట్టంలో 24008వ సెక్షన్ ప్రకారం, మార్పులు చేసిన కారులో ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగు అంచుకన్నా కిందికి దిగకూడదు. పోలీసుకి టేపు అవసరం లేదు, కంటితో చూసి ఆపొచ్చు. ఎవర్ని ఆపుతాడో వేరే చెప్పాలా?

శాన్ బెర్నార్డినోలో రాన్ అగిరె అనే కుర్రాడు దీనికి ఉపాయం కనిపెట్టాడు. తండ్రి సాయంతో తన 1957 కార్వెట్‌కి హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, పోలీసు వెళ్ళగానే దిగుతుంది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళు ఆ పంపుల్ని, సిలిండర్లని, వాల్వుల్ని పాత సామాను దుకాణాల్లో వెతికి కొనుక్కున్నారు. అక్కడ సైనిక విమానాల మిగులు సరుకు చవగ్గా దొరికేది. విమానంలో రెక్కల పలకల్ని, చక్రాల్ని కదిలించే పంపు కారు డిక్కీలోకి వచ్చి చేరింది. కోసిన స్ప్రింగుని మళ్ళీ అతకలేని పాత షెవ్రొలేలకు ఇది వరమైంది.

చరిత్ర పుస్తకాలు అగిరె పేరు చెప్పి ముందుకు సాగిపోతాయి. నేను మాత్రం ఆ పాత సామాను దుకాణం దగ్గరే ఆగిపోయాను. యుద్ధకాలంలో విమానాలు తయారుచేసింది ఎవరు?

1943 నాటికి లాస్ ఏంజెలెస్ విమాన కర్మాగారాల్లో పదిమందిలో నలుగురు ఆడవాళ్ళు. లాక్‌హీడ్‌లో, డగ్లస్‌లో రివెట్లు కొట్టారు, వైర్లు లాగారు, గొట్టాలు బిగించారు. వాళ్ళలో మెక్సికన్ అమెరికన్ అమ్మాయిలు, నల్లజాతి స్త్రీలు ఉన్నారు. అంతకుముందు ఇళ్ళల్లో పనిచేసినవాళ్ళు, బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టినవాళ్ళు మొదటిసారి మగవాడి కూలికి దగ్గరగా కూలి చూశారు. 1945లో యుద్ధం ముగియగానే వేలమందిని ఇంటికి పంపేశారు. షెర్నా గ్లక్ వాళ్ళ గొంతులు రికార్డు చేసి 1987లో ‘రోజీ ది రివెటర్ రీవిజిటెడ్’ పేరుతో పుస్తకం వేసింది. అంతకు ఏడాది ముందు, 1986లో, హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన ఆడవాళ్ళు, 1951లో పోరాటం విరమించాక పార్టీ తమని వంటింటికి పొమ్మన్న తీరు చెప్పుకున్న పుస్తకం అది. ఒకటి యుద్ధ పరిశ్రమ, ఇంకొకటి విప్లవం. రెండింటినీ ఒకే గాట కట్టను. కానీ అవసరం తీరాక ఆడవాళ్ళ చేతుల్లోంచి పనిముట్టు లాక్కున్న తీరు వెంటవెంటనే చదివితే, ఒకదాని మాటలు మరొకదానిలో వినిపిస్తాయి.

నాలుగిళ్ళ అవతల ఒక మెక్సికన్ అమెరికన్ పెద్దావిడ ఉండేది. వాళ్ళమ్మ లాస్ ఏంజెలెస్ దగ్గర విమానాల ఫ్యాక్టరీలో చేసిందట. మనిషి పొట్టిది కనక రెక్క లోపలికి దూరి, బయట ఒకరు రివెట్ కొడుతుంటే లోపల ఇనప దిమ్మ ఆనించి పట్టుకునే పని ఇచ్చారట. మా మాటల్లో ఆవిడ మేనమామ కారు వచ్చింది. 1952 షెవ్రొలే. ఆయన ఫొటోలు మూడు ఆల్బమ్‌లు. ఆ కారు వాయిదాలు ఎవరు కట్టారని అడిగాను. అమ్మ, పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ కూలి డబ్బులతో, అంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉండేది? ఆవిడ నవ్వింది. అమ్మకి నడపడం వచ్చు, మామయ్య లేనప్పుడు ఇంజను రొద విని జబ్బేమిటో చెప్పేది కూడానట. ఆడపిల్లలు కారెక్కాలంటే స్టీరింగు ముందు మేనమామ ఉండాలి. వీధిలో వెలుగు మగవాడి మీద పడుతుంది, దాని కరెంటు బిల్లు ఇంట్లో ఆడది కడుతుంది.

ఇదే కాలంలో డెట్రాయిట్ ఆడవాళ్ళ కోసం ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 1955లో డాడ్జ్ కంపెనీ ‘లా ఫెమ్’ అనే కారు తెచ్చింది. గులాబీ రంగు, సీటు వెనక అరలో అదే రంగు చేతిసంచీ, లిప్‌స్టిక్ పెట్టె, గొడుగు. ఇంజనులో ఆడవాళ్ళ కోసం మార్చిందేమీ లేదు. పదేళ్ళ కిందట రివెట్ కొట్టిన ఆడదాని చేతికి లిప్‌స్టిక్ పెట్టె ఇచ్చారన్నమాట. రెండేళ్ళలో ఆ మోడల్ ఆపేశారు, ఆడవాళ్ళు కొనలేదు కనక.

1977లో శాన్ హోసేలో ‘లోరైడర్’ పత్రిక మొదలైంది. సమాజం దొంగలుగా, రౌడీలుగా చూసిన కుర్రాళ్ళ చేతిపనికి అది గౌరవం తెచ్చింది, కాదనలేం. కొద్దికాలానికే ముఖచిత్రాల మీద కార్ల పక్కన బికినీ అమ్మాయిలు చేరారు. 2019 చివర అచ్చు ఆగిపోయేవరకు దానికి ఆ ముద్ర పోలేదు. తమని పోలీసు చూసే చూపు మీద తిరగబడ్డవాళ్ళు తమ ఆడవాళ్ళని చూసిన చూపుని ఎందుకు ప్రశ్నించలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన దగ్గర ఉద్యమాల్లో ఉన్న స్త్రీలకు ఇది కొత్తగా ఏమీ ఉండదు.

దీనికి ఒక చిత్రమైన జవాబు ఫొటోగ్రాఫర్ లిజ్ కోహెన్‌ది. 2000ల మొదట్లో తూర్పు జర్మనీ ట్రబాంట్ కారుని తీసుకుని, అది సాగి షెవ్రొలే ఎల్ కమీనోగా మారేలా తయారుచేయడానికి పూనుకుంది. షెడ్డులో వెల్డింగు, మెకానిక్ పని నేర్చుకుంది. ఆ పని చేస్తూనే ఒళ్ళు దిద్దుకుని, బికినీ వేసుకుని, ఆ కారు పక్కన తన ఫొటోలు తనే తీసుకుంది. బొమ్మా తనే, మెకానిక్కూ తనే. ఈ పని చూసి స్త్రీవాదులు రెండుగా చీలితే నేను ఆశ్చర్యపోను. నా ఓటు ఆమె వెల్డింగుకి, ఫొటోలకు కాదు.

శాన్ హోసేలో ఇప్పుడు ఆడవాళ్ళే నడిపే ‘దుయేన్యాస్’ అనే కార్ క్లబ్బు ఉంది. ఆ స్పానిష్ మాటకి యజమానురాళ్ళని అర్థం. పాతకాలంలో అదే మాటకి ఇంకో అర్థమూ ఉండేది: పెళ్ళికాని పిల్లలు హద్దు దాటకుండా కాపలా కాసే పెద్దామె. కాపలాదారు మాటని కారు యజమానురాలికి పెట్టుకోవడం నాకు సరదాగా అనిపిస్తుంది.

శాన్ డియేగో పక్కన నేషనల్ సిటీ 1992లో కార్ల షికార్లని నిషేధించింది, 2023లో ఎత్తేసింది. అదే ఏడాది రాష్ట్ర శాసనసభ ఏబీ 436 బిల్లు ఆమోదించింది. 2024 జనవరి 1 నుంచి ఊళ్ళు షికారుని నిషేధించలేవు, రిమ్ము అంచు కొలత కూడా చట్టంలోంచి పోయింది.

మా పెద్దావిడ మనవరాలు ఈమధ్య 1954 షెవ్రొలే ఒకటి కొంది. తుప్పు పట్టిన బండి, కాగితాలు మాత్రం ఆ పిల్ల పేరు మీదే ఉన్నాయి. స్ప్రింగులు కోయించడమా, పంపులు పెట్టించడమా అని ఫోన్లో ఇద్దరికీ వాదన నడుస్తోందట. పిల్లకి స్ప్రింగులు కోయిస్తే ఖర్చు తక్కువని. పెద్దావిడ పంపులే కావాలంటోంది.