పేగు హార్మోన్ల పరిశోధన: సెక్రెటిన్ నుంచి రోగనిరోధక కణాల దాకా

పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి జీర్ణక్రియ యావత్తూ నాడుల ఆజ్ఞ మీదే నడుస్తుందన్న అభిప్రాయం శరీరధర్మ శాస్త్రంలో స్థిరపడి ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు దానికి పునాది వేశాయి. 1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టారు. మత్తు ఇచ్చిన కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు వచ్చే నాడులన్నిటినీ తెంచి, రక్తనాళాలను మాత్రం మిగిల్చి, దానిలోకి పలచని ఆమ్లాన్ని పంపగా, నాడుల సంబంధం లేకపోయినా క్లోమం నుంచి జీర్ణరసం కారింది. ఆ తరువాత వారు పేగు లోపలి పొరను గీకి తీసి, ఇసుకతోనూ ఆమ్లంతోనూ కలిపి నూరి, వడగట్టిన ద్రవాన్ని కుక్క మెడ దగ్గరి సిరలోకి ఎక్కించారు. కొద్దిసేపట్లోనే క్లోమం మళ్లీ స్రవించింది. రక్తం ద్వారా ప్రయాణించి దూరాన ఉన్న అవయవాన్ని పని చేయించే ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్లు అన్న పేరును స్టార్లింగ్ 1905లో తన ఉపన్యాసాలలో వాడాడు. మొట్టమొదట హార్మోన్‌గా గుర్తింపు పొందిన పదార్థం పేగులో దొరికిందన్న సంగతి ఇన్సులిన్, థైరాయిడ్ వంటి పేర్ల మధ్య మరుగున పడిపోవడం విచారకరం.

పేగుకూ చక్కెర వ్యాధికీ ఉన్న సంబంధం కూడా ఆ రోజుల్లోనే ఊహకు అందింది. ఇన్సులిన్ వెలుగు చూడడానికి పదిహేనేళ్ల ముందే, 1906లో, లివర్‌పూల్‌లో బెంజమిన్ మూర్, ఆయన సహచరులు పేగు పొర నుంచి తీసిన సారాన్ని మధుమేహ రోగులకు తాగించి చూశారు గాని, ఆ వైద్యం నిలబడలేదు. క్లోమం చేత ఇన్సులిన్‌ను స్రవింపజేసే పేగు పదార్థానికి 1930ల ఆరంభంలో బెల్జియం శాస్త్రవేత్త లా బార్ ఇన్‌క్రెటిన్ అని పేరు పెట్టాడు. అయితే అమెరికాలో ఆండ్రూ ఐవీ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాలలో అటువంటి ప్రభావం కనబడకపోవడంతో, అటువంటి హార్మోన్ ఉందన్నదే సందేహాస్పదమని 1940 ప్రాంతంలో తేల్చింది. దానితో ఆ ఊహ రెండు దశాబ్దాలకు పైగా మూలన పడింది. ఊహ తప్పు కాదు. రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే సాధనం అప్పటికి ఎవరి చేతిలోనూ లేకపోవడమే అసలు లోపం.

ఆ సాధనాన్ని రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ న్యూయార్క్‌లో రూపొందించారు. రేడియోధార్మిక అణువును తగిలించిన హార్మోన్, మామూలు హార్మోన్ ఒకే ప్రతిరక్షకం కోసం పోటీపడేలా చేసి, ఆ పోటీ ఫలితాన్ని బట్టి అతి సూక్ష్మ పరిమాణాలను లెక్కకట్టే పద్ధతి అది. రోగనిరోధక శాస్త్రంలో పుట్టిన ప్రతిరక్షకం ఆ విధంగా హార్మోన్ల శాస్త్రానికి కొలబద్ద అయింది. ఈ పద్ధతి అందుబాటులోకి వచ్చాక, 1964లో వెలువడిన పరిశీలనలు గ్లూకోజ్‌ను సిరలోకి ఎక్కించినప్పటి కంటే నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువగా వెలువడుతుందని నిరూపించాయి. పేగు నుంచి ఏదో సందేశం క్లోమానికి చేరుతున్నదన్న దానికి అంతకంటే బలమైన సాక్ష్యం అవసరం లేకపోయింది.

ఆ సందేశం ఏమిటో తేల్చే బరువైన పని రసాయన శాస్త్రజ్ఞుల మీద పడింది. స్టాక్‌హోమ్‌లో ఎరిక్ యోర్పెస్, విక్టర్ మూట్ కబేళాల నుంచి తెప్పించిన అపారమైన పంది పేగుల నుంచి సెక్రెటిన్‌ను, పిత్తాశయాన్ని సంకోచింపజేసే కోలిసిస్టోకైనిన్‌ను శుద్ధి చేశారు. అటువంటి సారంలో కలుషితంగా మిగిలిన మరొక పదార్థాన్ని వాంకూవర్‌లో జాన్ బ్రౌన్ వేరుచేసి చూడగా, అది 42 అమైనో ఆమ్లాల గొలుసు అని తేలింది. ఇన్సులిన్‌ను పెంచే గుణం దానికి ఉందని 1973లో రుజువు కావడంతో జీఐపీ అనే తొలి ఇన్‌క్రెటిన్ దొరికింది.

రెండో ఇన్‌క్రెటిన్ కథలో, డాక్టరేట్ తరువాత మరొకరి ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసే యువ పరిశోధకుల పాత్ర స్పష్టంగా కనబడుతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జోయెల్ హాబెనర్ బృందం 1980ల ఆరంభంలో యాంగ్లర్ చేప క్లోమం నుంచి గ్లూకగాన్ జన్యువును చదివింది. క్షీరదాల జన్యువు కూడా చదవడం పూర్తయ్యాక, గ్లూకగాన్‌ను పోలిన మరి రెండు గొలుసులు అదే మూల ప్రోటీన్‌లో ఇమిడి ఉన్నాయని తెలిసింది. వాటిలో మొదటిదే జీఎల్‌పీ-1. 37 అమైనో ఆమ్లాల పూర్తి గొలుసుకు చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. గ్లూకగాన్‌తో పోలిక ఏడో స్థానం నుంచి మొదలవుతుందని గమనించిన, అదే ఆస్పత్రిలోని స్వెత్లానా మోయ్‌సోవ్, మొదటి ఆరు తెగిపోగా మిగిలేదే అసలు హార్మోన్ అని భావించి, ఆ ముక్కలను స్వయంగా సంశ్లేషించి, వాటిని గుర్తించే ప్రతిరక్షకాలను తయారుచేసింది. ఎలుక క్లోమం మీద అత్యల్ప మోతాదులో కూడా ఆ ముక్క ఇన్సులిన్‌ను స్రవింపజేస్తుందని 1987లో ప్రచురించిన వ్యాసంలో ఆమె పేరే మొదటిది. కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హోల్స్ట్ బృందం అదే కాలంలో అదే నిర్ణయానికి వచ్చింది. హాబెనర్ దగ్గర పరిశోధక సభ్యుడిగా చేరిన డేనియల్ డ్రకర్ తరువాత టొరంటోలో ఈ శాఖకే ప్రముఖుడయ్యాడు. పేటెంట్లలో తన పేరు చేర్పించుకోవడానికి మోయ్‌సోవ్ గట్టి పోరాటమే చేయవలసి వచ్చింది. 2024లో లాస్కర్ పురస్కారం హాబెనర్, ఈ హార్మోన్‌ను మందుగా మలచిన లోట్టె క్నుడ్‌సెన్‌లతో పాటు ఆమెకూ దక్కడం ఎంతో ఆలస్యంగా జరిగిన న్యాయం.

సహజమైన జీఎల్‌పీ-1 రక్తంలో సుమారు రెండు నిమిషాలలోనే సగానికి తగ్గిపోతుంది. డీపీపీ-4 అనే ఎంజైమ్ దానిని తుంచివేస్తుంది. 1990ల ఆరంభంలో జాన్ ఎంగ్ గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో కనుగొన్న ఎక్సెండిన్-4కు ఆ ఎంజైమ్ బెడద లేకపోవడంతో, దాని ఆధారంగా రూపొందిన మందుకు అమెరికాలో 2005లో అనుమతి లభించింది. హార్మోన్‌కు కొవ్వు ఆమ్లాన్ని అతికించి, రక్తంలోని ఆల్బుమిన్‌ను అది అంటిపెట్టుకునేలా చేసే క్నుడ్‌సెన్ బృందం మార్గం లిరాగ్లూటైడ్‌కు, వారానికి ఒకసారి తీసుకునే సెమాగ్లూటైడ్‌కు దారితీసింది.

రోగనిరోధక వ్యవస్థ ఈ చరిత్రలోకి వేరే తలుపు నుంచి వచ్చింది. 1993లో గోఖాన్ హోతామిస్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం స్థూలకాయపు ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు సంకేతం హెచ్చుగా తయారవుతుందనీ, దానిని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుందనీ చూపింది. 2011లో బాసెల్ పరిశోధకులు వ్యాయామ వేళ కండరాల నుంచి వెలువడే రోగనిరోధక సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-6 పేగులోని ఎల్ కణాల చేత జీఎల్‌పీ-1ను ఎక్కువగా స్రవింపజేస్తుందని ఎలుకల్లో తెలిపారు. 2015లో డ్రకర్ బృందం పేగు పొర కణాల మధ్య కాపలా ఉండే లింఫోసైట్లకు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలకు, జీఎల్‌పీ-1 గ్రాహకం ఉందని నిర్ధారించింది. 2019లో ఫిలిప్ స్విర్‌స్కీ ప్రయోగశాల ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ కణాలు పేగులో స్థిరపడలేని ఎలుకలు ఎక్కువ తిన్నా సన్నగానే ఉంటాయని, అందుబాటులో ఉండే జీఎల్‌పీ-1ను ఆ కణాలు తగ్గిస్తాయని ప్రతిపాదించింది. శరీరాన్ని కాపాడే కణాలే తిండిలోని శక్తి ఎంత నిల్వ కావాలో కూడా నిర్ణయిస్తున్నాయన్న ఈ ప్రతిపాదన పేగు హార్మోన్ల శాస్త్రాన్ని జీర్ణక్రియ అధ్యాయం నుంచి పూర్తిగా బయటికి తీసుకువచ్చింది.

17,604 మందితో సాగి 2023లో ఫలితాలు వెలువడిన సెలెక్ట్ అధ్యయనంలో, మధుమేహం లేకుండా అధిక బరువు, గుండెజబ్బు ఉన్నవారికి సెమాగ్లూటైడ్ ఇవ్వగా తీవ్రమైన గుండె ప్రమాదాలు 20 శాతం తగ్గాయి. ఈ మేలంతా బరువు తగ్గడం వల్లనే వచ్చిందని చెప్పలేకపోవడంతో వాపు తగ్గడం మీద దృష్టి పడింది. ఎలుకల్లో ఆ తగ్గుదలకు రోగనిరోధక కణాల మీది గ్రాహకం కంటే మెదడులోని గ్రాహకమే ముఖ్యమని డ్రకర్ బృందం 2024లో చూపింది. ఇందువల్ల పేగు, తెల్లకణం, మెదడు మూడింటినీ ఒకే ప్రయోగంలో పట్టుకోవలసిన అవసరం ఏర్పడింది. ఏ ఒక్క శాఖలోనో శిక్షణ పొందినవారికి ఇది సాధ్యమయ్యేది కాదు గనుక, హార్మోన్ల కొలతలోనూ రోగనిరోధక కణాలను వేరుచేయడంలోనూ నాడీశాస్త్రంలోనూ చేయి తిరిగిన యువ పరిశోధకుల కోసం ప్రయోగశాలలు నేడు వెతుకుతున్నాయి.