గడియారాల పనివాడు - కొలిమి

గడియారంలోని స్ప్రింగు చూడడానికి చిన్న ఉక్కు పట్టీయే. కాని అది దినదినమూ చుట్టుకొని విప్పుకొంటూ, విరగకుండా, సాగిపోకుండా ఏండ్ల తరబడి చక్రాలను నడపాలి. ఆ ఉక్కు ఒకచోట మెత్తగా, మరొకచోట పెళుసుగా ఉంటే చాలు, పనివాని నేర్పంతా వృథా. ఇంగ్లండులోని డాన్‌కాస్టర్ పట్టణంలో గడియారాలు చేసి జీవించిన బెంజమిన్ హంట్స్‌మన్ (1704-1776) ను బాధించిన చిక్కు ఇదే.

ఆనాడు అక్కడ ఉక్కును ఎట్లా చేసేవారు? చేత ఇనుప కడ్డీలను బొగ్గుపొడిలో పొదిగి, గాలి చొరకుండా మూసి, దినాల తరబడి కాల్చేవారు. బొగ్గులోని కర్బనం మెల్లగా ఇనుములోకి ఇంకేది. కాని ఇనుము కరగదు గనుక కర్బనం పైపొరలలో ఎక్కువగా, లోపల తక్కువగా ఉండేది. కడ్డీలను మడిచి, కాల్చి, సుత్తితో సాగగొడితే ఈ తేడా తగ్గేదే గాని పూర్తిగా పోయేది కాదు.

హంట్స్‌మన్ పుట్టు కమ్మరి కాడు. అయినా ఉక్కును తిట్టుకొని ఊరుకోక, తానే కొలిమి పెట్టాడు. బెల్లం నీళ్లలో పూర్తిగా కరిగితేనే పానకం అంతటా ఒకే తీపి ఉంటుంది. అట్లే ఉక్కు కరిగితేనే కర్బనం అంతటా సమంగా సర్దుకొంటుంది. ఆలోచన సులభం, ఆచరణ కష్టం. అందుకు సుమారు 1600 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. ఆ వేడికి పగలని మట్టి మూస కావాలి. 1740 ప్రాంతంలో షెఫీల్డు సమీపానగల హ్యాండ్స్‌వర్త్‌కు మకాం మార్చి, ఎన్నో వైఫల్యాల తరువాత అతడు మూసలోనే ఉక్కును కరిగించి అచ్చులలో పోయగలిగాడు. కోక్ మంట, గాలిని బలంగా లాగే పొగగొట్టం అతనికి తోడ్పడ్డాయి.

షెఫీల్డు కత్తుల పనివారు మొదట ఈ ఉక్కు మరీ గట్టిగా ఉన్నదని తిరస్కరించారు. ఫ్రాన్సువారు దానిని కొన్నారు. వారి కత్తులు పోటీకి వచ్చిన తరువాతగాని స్వదేశీయుల కళ్లు తెరచుకోలేదు.

మూసలో ఉక్కు చేయడం ప్రపంచానికి కొత్త కాదు. మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం కమ్మరులు మూసలలో చేసిన ఉక్కును కొనడానికి పారసీక వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పనిని చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయింది. అంతకుముందే, 1795లో, ‘వూట్జ్’ అనే పేరుతో పాశ్చాత్యులకు తెలిసిన దక్షిణ భారత ఉక్కును గూర్చి జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు.

కోనసముద్రంలో ఈ విద్య కమ్మరుల చేతులలో పెరిగింది. హ్యాండ్స్‌వర్త్‌లో దానిని వెదికినవాడు ఉక్కును వాడే పనివాడు. పనిముట్టు ఎక్కడ విఫలమవుతున్నదో దానిని వాడేవానికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ లోపాన్ని సహించక, తనది కాని వృత్తిలోకి అడుగుపెట్టి, మసి పూసుకొనడానికి వెనుదీయకపోవడమే హంట్స్‌మన్ గొప్పతనం.