చాకిరేవు, నక్కవాగు, ఆడవారి లోదుస్తులు

పటాన్‌చెరును గురించి వ్రాసేవారు సాధారణంగా మూడు సంగతులు వ్రాస్తారు. 1972లో వెలసిన ఇక్రిశాట్, 1970ల నుండి విస్తరించిన పారిశ్రామికవాడ, ఆపైన కాలుష్యం. నేను నాలుగవ సంగతి వ్రాయదలచాను. ఆడవారి లోదుస్తులు, నెలసరి బట్టలు ఏ నీటితో శుభ్రపడేవి? సిగ్గు చేత మన చరిత్రకారులు దాటవేసిన ప్రశ్న ఇది. సిగ్గుపడవలసినదేమీ ఇందులో నాకు కనబడలేదు.

కుట్టిన లోదుస్తులు పల్లెలకు ఆలస్యంగా వచ్చాయి. అంతకుముందు పాత నూలుచీర చింపి, మడతపెట్టి, నడుముకు కట్టిన తాటికి గోచీలా బిగించుకునేవారు. ఆ మైలబట్టలను ఉతికే పనిని కులవ్యవస్థ చాకలి స్త్రీల నెత్తిన పెట్టింది. పనిని హీనమన్నాం గాని, అందులోని శాస్త్రాన్ని చూడలేదు. బట్టను చవుటినీటిలో తడిపి, బానమీద పేర్చి, ఆవిరిపై ఉడికించి, బండమీద బాది, పారేనీటిలో జాడించి, ఎండలో ఆరవేసేవారు. చవుటిలోని క్షారం జిడ్డును విడదీస్తుంది. ఆవిరి సూక్ష్మజీవులను చంపుతుంది. ఎండ తడిని పూర్తిగా లాగేసి, మిగిలినవాటి పని పడుతుంది. నేటి వైద్యులు చెప్పే సలహా కూడా ఇంతే కదా: నూలుబట్ట, మంచినీరు, సబ్బు, ఎండ.

ఈ నాలుగింటిలో నీరు లేకపోతే మిగిలిన మూడూ నిరుపయోగం. ఈ ప్రాంతపు పారేనీరు నక్కవాగు. అది వెళ్ళి మంజీరలో కలుస్తుంది. మందుల కర్మాగారాల వ్యర్థజలాలు ఈ వాగులోనికి చేరాయి. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రం పనిచేయనారంభించింది. సుమారు 90 మందుల కర్మాగారాల నీరు చేరే ఆ కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదట! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో ఆ నీటిని గొట్టం ద్వారా హైదరాబాదు వైపు మళ్ళించారు. కాని అప్పటివరకు అటువంటి నీరు కలిసిన వాగులో జాడించిన బట్టను శుభ్రమైనదని ఎలా అనగలం?

న్యాయస్థానాల ద్వారా రెండు మేళ్ళు జరిగాయి. పంట పోయినవారికి ఎకరాల లెక్కన పరిహారం, గ్రామాలకు తాగునీరు. రెండూ అవసరమే, కాదనను. అయితే ఎకరం లేని చాకలి స్త్రీకి రేవు పోతే ఏ లెక్కన ఇవ్వాలి? ‘తాగునీరు’ అన్న మాటలో ఉతుకునీటికి చోటున్నదా? బిందెలు లెక్కపెట్టుకుని నీరు పట్టుకునే ఇంట్లో ముందు తాగడానికి, తరువాత వంటకు, ఆపైన పిల్లల స్నానానికి ఖర్చవుతుంది. ఇల్లాలి లోదుస్తుల వంతు చిట్టచివర వస్తుంది.

ఇక ఉప్పునీటి బోరు ఉన్నచోట ఇంకొక చిక్కు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిక్కుటమైన నీటిలో సబ్బు నురగ రాదు. తెల్లని కల్కం దారాలలో చిక్కుకుని బట్ట బిరుసెక్కుతుంది, ఒరుసుకుంటుంది. దానిని ఎండలో వేయడానికి సిగ్గు. చీరకొంగు చాటునో, గది మూలనో ఆరవేస్తే తడి పూర్తిగా పోదు, బూజు పడుతుంది. ఒకప్పుడు రేవులో ఆ బట్టకు దొరికిన ఎండ కూడా ఇప్పుడు కరవైపోయింది.

ప్యాడ్లు వచ్చాయి కదా అనవచ్చు. 2018లో వాటిపై జీఎస్టీ కూడా ఎత్తివేశారు. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 24 ఏండ్ల స్త్రీలలో దాదాపు సగం మంది నెలసరిలో బట్ట వాడుతున్నారు. ప్యాడు వాడినా లోదుస్తు ఉతకడం తప్పదు.

ఒక వాగు చెడిపోయినప్పుడు చేపలు, పంటలు, పశువులు లెక్కకు వస్తాయి. దండెంమీద కనబడని బట్ట లెక్కకు రాదు. పటాన్‌చెరు చరిత్ర ఎవరైనా సమగ్రంగా వ్రాస్తే అందులో రేవులకూ ఒక అధ్యాయం ఉండాలని నా కోరిక. మీ ఊరి చాకిరేవు ఎక్కడ ఉండేదో మీ ఇంట్లోని పెద్దవారిని, ముఖ్యంగా అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి చూడండి. వారు చెప్పేది వ్రాసి ఉంచండి.