బస్తర్ వరి ఎవరిది? గింజ నుంచి డేటా దాకా

2002 నవంబరులో రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం బహుళజాతి విత్తన కంపెనీ సింజెంటాతో ఒప్పందానికి సిద్ధమవుతోందన్న వార్త బయటికొచ్చింది. విశ్వవిద్యాలయం దాచిపెట్టిన 19 వేల పైచిలుకు దేశవాళీ వరి రకాలను కంపెనీ పరిశోధనకు వాడుకుంటుంది, ప్రతిగా విశ్వవిద్యాలయానికి రాయల్టీ వస్తుంది. ఇదీ సారాంశం. ఆ రకాలను తరతరాలుగా పండించి కాపాడిన రైతులను మాత్రం ఎవరూ అడగలేదు. ఛత్తీస్‌గఢ్‌లో రైతు సంఘాలు, ప్రజా సంఘాలు ఆందోళనకు దిగాయి. డిసెంబరులో సింజెంటా తప్పుకుంది. దాదాపు అదే రోజుల్లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టాన్ని ఆమోదించింది.

ఆ సంపద పోగుపడటం వెనుక ఉన్నది డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, మన వరి రకాలు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు తరలడాన్ని వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నారు. 1970లలో రాయపూర్ చేరి, ఊరూరా తిరిగి విత్తనాలు, వాటితోపాటు రైతులు చెప్పిన వివరాలు సేకరించారు. ఆయన 1996లో కన్నుమూశారు. తన సేకరణ మీద జరిగిన ఈ గొడవ చూడలేదు.

బస్తర్‌లో ఇన్ని రకాలు ఎందుకంటే, అక్కడి నేల అలాంటిది. వాన మీద ఆధారపడిన ఒక్క పంట. టికరా అనే మెట్ట నేలకు త్వరగా కోతకొచ్చే రకం, గభార్ అనే పల్లపు నేలకు నీళ్లలో నిలిచే దీర్ఘకాలిక రకం. భద్రాచలం ఏజెన్సీ చూసినవారికి ఇది కొత్త కాదు. అయితే గింజ కన్నా విలువైనది దాని చుట్టూ ఉన్న తెలివిడి. ఛత్తీస్‌గఢ్‌లో లైచా బియ్యం గర్భిణులకు పెడతారు, పుట్టే బిడ్డకు చర్మరోగం రాకూడదని. గఠవన్‌ను కీళ్ల నొప్పులకు వాడతారు. కొన్నేళ్ల కిందట రాయపూర్ విశ్వవిద్యాలయం, భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ రెండింటితోపాటు మహరాజీ అనే రకాన్నీ పరీక్షించి, వాటి సారం ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించిందని చెప్పారు. గాజు పాత్రలో కణాలకూ రోగికిచ్చే మందుకూ చాలా దూరం ఉంది. పత్రికలు ఆ దూరాన్ని ఒక్క శీర్షికతో దాటేశాయి. కానీ వేల రకాల్లో ఏది పరీక్షించాలో వెతుక్కునేవారికి పల్లె వాడుక దారి చూపుతుంది. కంపెనీలకు కావలసింది సరిగ్గా అదే.

పేటెంటు కోరేది ఒక ఆవిష్కర్తను, ఒక తేదీని. లైచాకు ఆ రెండూ లేవు. మన పేటెంట్ల చట్టం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వదు, నిజమే. బయటి దేశాల్లో మాత్రం ఇది ముందే తెలిసిన సంగతని రుజువు చూపించాలి. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికా ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగామంటే, మన చేతిలో పాత గ్రంథాలు, అచ్చైన ఆధారాలు ఉన్నాయి కాబట్టే. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. అందులో ఉన్నవి ఆయుర్వేదం, యునాని, సిద్ధ వంటి గ్రంథస్థ విద్యలు. నోటిమాటగా నడిచే ఆదివాసీ జ్ఞానానికి అందులో చోటు దాదాపు లేదు.

చిక్కు ఇక్కడే ఉంది. రాసిపెట్టకపోతే ఎవరో పేటెంటు తీసుకున్నప్పుడు అడ్డుకోవడానికి ఆధారం ఉండదు. రాసి బయటపెడితే, ఎవరైనా చదివి, కాస్త మార్చి, ఆ మార్పు మీద పేటెంటు అడగొచ్చు. గ్రామాల్లో తయారయ్యే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లకూ ఇదే ప్రమాదం. అందుకే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం కన్నా, తెరిచి చూసే అధికారం ఎవరికన్నదే ముఖ్యం. ఆ అధికారం గ్రామసభ చేతిలో ఉండాలన్నది నా అభిప్రాయం.

2002లో సింజెంటాకు గింజలు కావలసి వచ్చాయి. ఇప్పుడు చాలా పనులకు గింజ అక్కర్లేదు. 2014లో 3,000 వరి రకాల జన్యుక్రమాలను అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం అందరికీ అందుబాటులో పెట్టింది. శాస్త్రానికి అది గొప్ప మేలు. కానీ క్రమం ఫైలుగా మారాక, దాన్ని దించుకున్నవారు ఏ ఊరి విత్తనంతో లాభం పొందారో పట్టుకోవడం కష్టం. 2024 మేలో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం, పేటెంటు అడిగేవారు జన్యు వనరు ఏ దేశానిదో వెల్లడించాలి. డిజిటల్ క్రమాల ప్రస్తావన అందులో లేదు. అదే ఏడాది కొలంబియాలోని కాలీ నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సు, ఇలాంటి డేటాతో లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ ఆదాయంలో 0.1 శాతం గానీ ఒక నిధికి ఇవ్వాలని, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలని కోరింది. కోరింది, అంతే. ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025 నిబంధనల్లో డిజిటల్ క్రమాలనూ లాభాల పంపిణీ పరిధిలోకి తెచ్చింది. విదేశీ సర్వర్లో ఉన్న ఫైలు విషయంలో అది ఎలా అమలవుతుందన్నది వేరే ప్రశ్న.

ఇది బస్తర్‌కే పరిమితమైన తగువు కాదు. 2025 మేలో కేంద్రం విడుదల చేసిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన కమలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో తయారుచేశారు. దానికి మూలం బాపట్ల సాంబ మసూరి. రెండోది ఢిల్లీలోని పూసా సంస్థ తయారుచేసినదైనా మూలం మన మార్టేరు కాటన్‌దొర సన్నాలే. మూల విత్తనాలు మనవి. వాటిని సవరించిన క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. ఆ హక్కుల సంగతి తేలకుండా విత్తనాన్ని రైతుకు ఎలా ఇస్తారని విడుదల రోజుల్లోనే విమర్శకులు అడిగారు. రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు లేకుండా అమ్ముకోవచ్చు అని 2001 నాటి మొక్కల రకాల చట్టం 39వ సెక్షన్ చెబుతోంది.